ఎవరి టైం, బిడ్డా?

మొన్న పొద్దున మా ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. వచ్చాక చూస్తే వంటింట్లో మైక్రోవేవ్ పన్నెండు గంటలంటోంది. హాల్లో గోడ గడియారం ఎనిమిదిన్నర అంటోంది. బల్ల మీదున్న మా ఆయన చేతి గడియారం దానికన్నా పది నిమిషాలు ముందుంది. బస్సుకు తయారవుతున్న మా ఆయన గడ్డం గీసుకుంటూ "టైం ఎంతైంది?" అని లోపల్నుంచి అరిచాడు. నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి "ఎవరి టైం?" అని వచ్చేసింది.

పొద్దున్నే తగాదాకు దిగుతున్నాననుకుని ఆయన ముఖం నిండా నురగతో బయటికొచ్చాడు. నేను అట్లకాడ పట్టుకుని పగలబడి నవ్వుతున్నాను. ఆ మాట నాది కాదు. నా మొదటి ఉద్యోగంలో నాకు పని నేర్పిన ఒక పెద్దమనిషిది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఫోన్ చేసి "ఏ రోజు, ఏ గడియారం చూసి రాసినవ్?" అని అడుగుతారు. ఇప్పుడాయన పాలంపేట దగ్గర సొంతూళ్ళో వరి పండిస్తున్నారు. ఆయన బతికున్నారన్న సంగతి కూడా ముందే చెప్పేస్తున్నాను, ఇలాంటివి చదివేటప్పుడు అందరూ కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధమవుతారు కాబట్టి.

మా ఆఫీసు సుబేదారిలో, ఒక టిఫిన్ సెంటర్ పైన ఉండేది. రెండు గదులు, ఒక ఇన్వర్టర్, కింద నుంచి రోజంతా అల్లం చట్నీ వాసన. మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలకు మేం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. ఏ బస్తా ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది, లోపల చలి ఎంతుంది, తలుపు ఎంతసేపు తెరిచి పెట్టారు, ఇవన్నీ అది చూసుకోవాలి. తలుపు మరీ ఎక్కువసేపు తెరిచి ఉంటే సైరన్ మోగించాలి. మా ఓనరు ఎనుమాముల మార్కెట్ వైపున్న సేట్ల చుట్టూ బైకు మీద తిరిగి ఆర్డర్లు తెచ్చేవాడు. మేం నలుగురైదుగురం కూర్చుని రాసేవాళ్ళం. అందరిలోకీ పెద్ద, నేను చెప్పిన ఆ పెద్దమనిషే; మేం సారు అనేవాళ్ళం. మిగతా మా అందరికీ కలిపినా ఆయన నెత్తి మీదున్నన్ని తెల్లవెంట్రుకలు లేవు.

నేను చేరిన వారంలోనే నా కుర్చీ పక్కన వచ్చి నిలబడ్డారు. అప్పుడే బస్తా రసీదు మీద తేదీ, సమయం పడేలా ఒక లైను రాసి నన్ను నేనే మెచ్చుకుంటున్నాను.

"ఎవ్వల టైం బిడ్డా గిది? ఎవ్వల్నడిగినవ్?"

"కంప్యూటర్‌ని అడిగిన సార్."

"నువ్వే పోయి అడిగినవా, సీదా?"

"ఔ సార్."

"ఎందుకు? ఇంట్ల పెద్దోళ్ళు లేరా?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన చూపు మాత్రం నేను ఎవరింట్లోనో చెప్పకుండా దూరి బిందె ఎత్తుకొచ్చినట్టు ఉంది. నన్ను లేపి హాల్లో గోడ గడియారం ముందుకు తీసుకెళ్ళారు. "దండం వెట్టి మాఫీ అడుగు" అన్నారు. పెట్టాను. మా ఆఫీసులో అది రివాజు. సారుకు చెప్పకుండా సిస్టం గడియారాన్ని కోడ్‌లో ఎవరు నేరుగా అడిగినా, అందరి ముందు గోడ గడియారానికి దండం పెట్టాలి. టీ తెచ్చేవాళ్ళు మాకేదో కొత్త దేవుడున్నాడనుకునేవారు.

ఎందుకింత పట్టింపో నాకు అర్థమవడానికి ఒక మిర్చి రసీదు కావాల్సి వచ్చింది. ఒకరోజు ఒక సేటు ఫోన్ చేశాడు. కోపంగా కూడా లేడు, నిజంగా తెలుసుకోవాలని ఉంది ఆయనకు. "మా దగ్గరి మిర్చి రాకముందుకే పోయిందట గదా. మీ రసీదే చెప్తాంది. గదెట్ల పోయిందో జర మాకు గూడ నేర్పున్రి. కరెంటు బిల్లు మిగులుతది."

సంగతేమిటంటే, మా సాఫ్ట్‌వేర్‌లో నాలుగు లైబ్రరీలు ఉండేవి. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ఒకసారి రాసి మూటగట్టి ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకునే కోడ్. ఆ నాలుగూ నలుగురు రాసినవి. బస్తా వచ్చినప్పుడు సమయం వేసే లైబ్రరీ మన దేశపు టైం అడిగేది. బస్తా పోయినప్పుడు వేసేది లండన్ దగ్గరి గ్రీనిచ్ టైం అడిగేది. అది మనకన్నా అయిదున్నర గంటలు వెనక. అందుకని మధ్యాహ్నం రెండింటికి వచ్చి సాయంత్రం అయిదింటికి పోయిన మిర్చి, కాగితం మీద మాత్రం పదకొండున్నరకే వెళ్ళిపోయి రెండింటికి వచ్చింది. సారు ఆ రసీదును తన బల్ల ఎదురుగా గోడకు అంటించి కుంకుమ బొట్టు పెట్టారు. కొత్తగా ఎవరొచ్చినా దాని ముందు నిలబెట్టి చదివించేవారు.

మా నాన్న, బాబాయి కొత్తవాడలో ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేసేవారు. ఒకరి చెయ్యి తొందరపడి ఇంకొకరిది ఆలస్యమైతే అంచు వంకర పోయేది. అప్పుడు మా నాన్న బాబాయిని తిట్టేవాడు, బాబాయి మగ్గాన్ని తిట్టేవాడు. ఆ సంగతి సారుకు చెబితే ఆయన ముఖం చాటంతైంది. "చూసినవా? మీ నాయిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరే" అన్నారు. ఇంటికెళ్ళి చెప్తే మా నాన్న వారం రోజులు మగ్గం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

సారు రాకముందు మా ఆఫీసులో మూడు గడియారాలుండేవట. హాల్లోది సరైన టైం చూపించేది. ఓనరు గదిలోది కావాలనే పది నిమిషాలు ముందు పెట్టింది, ఆలస్యం కాకుండా ఉంటుందని. మూడోది ఒక ఎరువుల దుకాణం వాళ్ళు పండక్కి ఇచ్చింది. అందులో వెంకటేశ్వరస్వామి బొమ్మ తప్ప ఏదీ పని చేసేది కాదు. సారు వచ్చీ రాగానే హాల్లోది ఒక్కటే ఉంచి రెండూ దించేశారు. ఓనరు "నా గడియారమేది?" అంటే, "నీకు టైం గావాల్నంటె తలకాయ బయటకు వెట్టి మా దాన్ని చూడు. పది నిమిషాలు గలుపుకునుడు నీ మనసుల గలుపుకో" అన్నారు.

కింద టిఫిన్ సెంటర్ వాళ్ళకు కూడా ఆయనంటే హడల్. "సారూ, దోశ అయిదు నిమిషాలు" అంటే చాలు. "నువ్వు చెప్పినకాడి నుంచి అయిదా, పెనం మీద ఏసినకాడి నుంచి అయిదా?" అని నిలబడేవారు. దోశ మాస్టరు కొన్నాళ్ళు ఓపికగా జవాబు చెప్పాడు. తర్వాత్తర్వాత సారు మెట్లు దిగుతుంటేనే "ఇడ్లీ ఉన్నది సారు, అయినయే ఉన్నయి, టైం లేదు వాటికి" అని అరిచేవాడు.

ఇంత చదివాక ఆయన క్షణం తప్పకుండా ఆఫీసుకు వచ్చే మనిషని మీరనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆఫీసు పదింటికి. సారు రోజూ పదిన్నరకు వచ్చేవారు. ఒకరోజు ఓనరు మెట్ల దగ్గర కాపుకాసి పట్టుకున్నాడు.

"అన్నా, లోకానికంత టైం గురించి చెప్తవ్. నువ్వు జూస్తె రోజు లేటు."

"లేటంటె ఏంది? ఒకనాడు పదింటికి, ఒకనాడు పదకొండింటికి వచ్చుడు లేటు. నేను ఎన్నడన్న పదిన్నర తప్పిన్నా?"

"తప్పలే గని..."

"మరి? నేను తప్పు గావచ్చు. గని ఎప్పటికి ఒక్క తీరు తప్పు. ఒక్క తీరుగుంటె దిద్దుకోవచ్చు. పదింటికి గావాల్నంటె నన్ను తొమ్మిదిన్నరకు రమ్మను."

ఓనరు కాసేపు ఆలోచించి "రేపటి సంది తొమ్మిదిన్నరకు రా అన్నా" అన్నాడు. మర్నాడు సారు సరిగ్గా పదింటికి వచ్చారు. ఆ తర్వాత ఎవరికీ ఏ గొడవా లేదు. సాఫ్ట్‌వేర్ గురించి నేను కాలేజీలో నేర్చుకున్న దానికన్నా ఆ మెట్ల మీద నేర్చుకున్నదే ఎక్కువ అంటే మా లెక్చరర్లు బాధపడతారు, పడనీండి.

మిర్చి రసీదు గొడవ తర్వాత సారు ఒక పని మొదలుపెట్టారు. నాలుగు లైబ్రరీల్లో గడియారాన్ని అడిగే చోట్లన్నీ వెతికి పట్టుకుని పీకేసి, అందరూ ఒక్క ఫంక్షన్‌నే, అంటే ఒక్క కోడ్ ముక్కనే అడిగేలా చేయడం. దానికి ఆయన పెట్టిన పేరు 'ఇప్పుడు'. ఎవరికి సమయం కావాలన్నా 'ఇప్పుడు'ని అడగాలి. అది ఒక్కటే వెళ్ళి గడియారాన్ని అడుగుతుంది.

"కంప్యూటర్ల రెండు గడియారాలుంటయ్ బిడ్డా" అని నాకొకసారి చెప్పారు. "ఒకటి గోడకు తలిగేసినట్టుంటది. ఎవ్వలన్న ముల్లు తిప్పచ్చు. ఇంకోటి లోపల ఊకె లెక్కవెట్టుకుంట ముందుకు పోతది. దాన్ని ఎవ్వలు ఎనుకకు తిప్పలేరు. ఎన్ని గంటలైందంటె మొదటిదాన్ని అడుగు. ఎంతసేపైందంటె రెండోదాన్ని అడుగు. బియ్యం ఎంతసేపు ఉడికినయో పంచాంగం చూసి చెప్తమా?"

ఇంకో సుఖం ఏమిటంటే, అందరూ ఒక్కచోటే అడిగితే, మేం పరీక్షలు చేసుకునేటప్పుడు అక్కడ ఉత్తుత్తి గడియారం ఒకటి పెట్టవచ్చు. అది ఏ టైం చెప్పమంటే ఆ టైమే చెబుతుంది. సారు పెట్టిన ఉత్తుత్తి గడియారం ఎప్పుడూ ఒక ఆదివారం మధ్యాహ్నం దగ్గరే ఆగి ఉండేది. ఆదివారమే ఎందుకు సార్ అని అడిగాను. "ఆదివారం నాడు కూర వండుకొని బువ్వ తిన్నంక ఎవ్వలకన్న పనుంటదా? తప్పులు గూడ పండుకుంటయ్" అన్నారు. ఆయన వేళాకోళానికి అన్నారా, నిజంగానే అన్నారా అన్నది నాకు ఈనాటికీ తెలియదు.

ఈ పనికి నెలలు పట్టింది. ఎన్ని చోట్ల పీకినా ఇంకెక్కడో ఒకటి దాక్కుని ఉండేది. ఓనరు స్వయంగా, కంపెనీ పెట్టిన కొత్తలో రాసిన కోడ్‌లో కూడా ఒకటి దొరికింది. సారు ఆయన గదిలోకి వెళ్ళి, "జర బయటకొచ్చి గడియారానికి దండం వెట్టు" అన్నారు. మేమందరం తలలు మానిటర్ల వెనక దాచుకున్నాం. ఓనరు దండం పెట్టలేదు. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ఓనరుది కూడా తప్పని నేననను. సేట్లు ఆయన్ని రంగురంగుల గ్రాఫులు అడిగేవారు, వాట్సాప్‌లో మెసేజ్‌లు అడిగేవారు. గడియారాన్ని ఒకేచోట అడుగుతున్నాం అంటే ఏ సేటు సంతోషిస్తాడు? ఒక మధ్యాహ్నం ఓనరు సారును మా అందరి ముందే నిలదీశాడు.

"అన్నా, గిన్ని నెలలు ఏం జేసినవో నాకు సమజైతలేదు. ఎనుకట ఎట్లున్నదో గట్లనే ఉన్నది. కొత్త కోల్డ్ స్టోరేజీ సురువయ్యే నాడు నీ పని నాకు కంటికి చూపియ్యాలె. చూపియ్యకపోతె ఇగ నీ తొవ్వ నువ్వు చూసుకో. నేను గూడ బతకాలె గదా."

సారు సరేనన్నారు. ఓనరు వెళ్ళాక నా వైపు తిరిగి, "ఈ వయసుల నాకింకెవ్వడిస్తడు బిడ్డా కుర్సీ" అని మెల్లగా అన్నారు. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన వెంటనే "ఏడువకు, కీబోర్డు ఖరాబైతది" అన్నారు.

కొత్త కోల్డ్ స్టోరేజీ మార్కెట్ దాటాక రోడ్డు మీదే ఉంది. ప్రారంభం రోజున గేటుకు మామిడి తోరణాలు, లోపల పంతులు, బయట చెట్టు కింద డప్పులవాళ్ళు, పెద్ద గంగాళంలో పులిహోర. దాన్ని కట్టించిన సేటు వాళ్ళమ్మ కంట్రోల్ రూంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. అందరూ ఆమెను అవ్వా అనే పిలుస్తున్నారు. ఆ రోజు అక్కడ అసలు సేటు ఆమేనని రెండు నిమిషాల్లో ఎవరికైనా తెలిసిపోతుంది. ముహూర్తం పదిన్నర లోపల. రిబ్బను కత్తిరించాల్సిన సేటు బామ్మర్ది కరీంనగర్ నుంచి రావాలి. ఆయన వచ్చేసరికి పదకొండు దాటింది. పంతులు ముఖం ముడుచుకున్నారు. సేటు బామ్మర్దిని చూసిన చూపుకు లోపలి మిర్చికి కూడా కారం తగ్గి ఉంటుంది.

అవ్వ మాత్రం తొణకలేదు. "ఏంది, గింత దానికే పరేషాన్ అయితాన్రు? గడియారం ఎనుకకు తిప్పున్రి."

"అమ్మా..." అన్నాడు సేటు.

"అమ్మ లేదు గిమ్మ లేదు. నీ పెండ్లికి తిప్పినం. ఇల్లు గట్టినప్పుడు తిప్పినం. మా ఇంట్ల ఏ ముహూర్తం తప్పలే ఇంతవరకు. ఏదిరా గడియారం?"

ఆ గదిలో గోడ గడియారం లేదు. ఉన్న సమయమంతా కంప్యూటర్ తెర మీద పెద్ద అంకెల్లో ఉంది. పంతులు పైకప్పు వైపు చూస్తూ ఏమీ విననట్టు నిలబడ్డారు. అవ్వ గుమస్తా వైపు వేలు చూపించింది. గుమస్తా వచ్చి కంప్యూటర్ గడియారాన్ని నలభై నిమిషాలు వెనక్కి తిప్పాడు. తెర మీద పది ఇరవై దాటింది. ముహూర్తం తిరిగొచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పాత లెక్కన అయితే ఆ ఒక్క తిప్పుడుతో అంతా ఆగమాగం కావాలి. భయంగా సారు వైపు చూశాను. ఆయన పెళ్ళికొడుకులా ఉన్నారు. నెలల తరబడి ఎప్పుడో ఎవరో చేస్తారని ఆయన భయపడిన పనిని, తన కళ్ళ ముందే, సకల లాంఛనాలతో చేశారు. నా దగ్గరికి జరిగి "చూడు, చూడు" అన్నారు.

రిబ్బను తెగింది. తలుపు తెరుచుకుంది. హారతి లోపలికెళ్ళింది, బయటికొచ్చింది. హమాలీలు మొదటి బస్తాలు మోసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. రసీదు మీద రావాల్సినవి రావాల్సినట్టే వచ్చాయి. సారు కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

"విన్నవా బిడ్డా?"

"ఏం వినబడ్తలేదు సార్."

"ఆ. గదే."

అంత ఆనందంగా ఉన్న మనిషిని నేను అంతవరకు చూడలేదు. సరిగ్గా అప్పుడే ఓనరు విస్తరాకులో పులిహోర పెట్టుకుని వచ్చాడు.

"అన్నా, ఇయ్యాల కంటికి చూపియ్యాలె అన్న గదా. ఏది?"

"గిదే."

"గిదే అంటె? ఏమైంది?"

"ఏం గాలే. గడియారం తిప్పిన్రు. ఏం గాలే. గిదే నేను జేసింది."

ఓనరు చుట్టూ చూశాడు. నిజంగానే చూడటానికి ఏమీ లేదు. హమాలీలు పులిహోర తింటున్నారు. అవ్వ పంతులు చేత రెండోసారి ఆశీర్వాదం చెప్పించుకుంటోంది. "ఏం గానిదానికి నేను నెలనెల జీతమెట్లియ్యాలె అన్నా? నెలాఖరు దాక ఉండు. తర్వాత నీ ఇష్టం" అని ఓనరు వెళ్ళిపోయాడు. మాటల్లో కోపం కూడా లేదు, అదే నాకు ఎక్కువ మంట పుట్టించింది. సారు ఒక విస్తరాకు తీసుకుని పులిహోరలో పల్లీలన్నీ ఏరి ఒక పక్కన పెట్టసాగారు.

మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచి 'నిప్పుల కుంపటి' అనేది. అది ఊరికే అనలేదు. నేను నేరుగా కంట్రోల్ రూంలోకి వెళ్ళాను. గుమస్తా అక్కడే ఉన్నాడు. "మేడం, పూజ అయిపాయె. టైం మల్ల సక్కగ పెట్టాల్నా?" అన్నాడు.

"పెడ్దువు గని అన్నా, ఒక్క నిమిషం ఆగు" అన్నాను.

కొత్తది మొరాయిస్తే పనికొస్తుందని అదే కంప్యూటర్‌లో పాత సాఫ్ట్‌వేర్ కూడా ఒక మూల ఉంచాం. కొత్తదాన్ని ఆపేసి పాతదాన్ని నడిపించాను. హమాలీల్లో కొందరు తలుపు తెరిచి ఇంకో విడత బస్తాలు లోపలికి మోస్తున్నారు, మిగతావాళ్ళు తలుపు దగ్గరే ఇంకా పులిహోర తింటున్నారు. తెర మీద 'తలుపు తెరుచుకుంది' అని రాగానే, "ఇగ పెట్టు అన్నా" అన్నాను.

గుమస్తా గడియారాన్ని మళ్ళీ నలభై నిమిషాలు ముందుకు జరిపాడు. పాత లైబ్రరీ గోడ గడియారాన్నే నమ్మే రకం. ఇప్పుడే తెరిచిన తలుపు నలభై నిమిషాలుగా బార్లా తెరిచి ఉందనుకుంది. వెంటనే సైరన్ మోగింది.

అలాంటి ఇలాంటి మోత కాదు. సేటు వద్దంటున్నా మా ఓనరే పట్టుబట్టి పెట్టించిన పెద్ద సైరన్ అది. హమాలీలు తలుపు దగ్గర నుంచి రోడ్డు అవతలికి ఉరికారు, విస్తరాకుల్లో ఒక్క మెతుకు కూడా కింద పడనీయకుండా. పంతులు ఏ మంత్రం చదవాలో తోచక మొదటి నుంచి మొదలుపెట్టారు. చెట్టు కింద డప్పులవాళ్ళు అది తమకిచ్చిన సైగ అనుకుని దంచడం మొదలుపెట్టారు. సేటు బామ్మర్ది తన కారు వైపు పరుగెత్తాడు. దాని డోరు అద్దం దించి ఉండడం వల్ల డోరు తీయాల్సిన పని కూడా ఆయనకు పడలేదు. అవ్వ ఒక్కతే కుర్చీలోంచి లేవకుండా చప్పట్లు కొట్టింది. "నాకు తెల్వకుంట కూత గూడ పెట్టిచ్చినావురా కొడుకా! మంచిగున్నది, ఇంకోసారి కొట్టియ్యి!"

ఓనరు రొప్పుకుంటూ వచ్చాడు. చొక్కా మీద పులిహోర పసుపు. సైరన్ ఆపి, ఆయన వైపు తిరిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"కంటికి చూపియ్యాల్నన్నరు గదా సార్. ఇగో, గిది సారు చెయ్యకముందుది. సారు చేసినదైతే గడియారం ఎటు తిప్పినా గిట్ల మోగది, ఇప్పుడు అర్థమైందా?"

ఓనరు తెలివి లేనివాడు కాదు. తెర వంక చూశాడు, గుమస్తా వంక చూశాడు, గేటు బయట విస్తరాకులతో నిలబడ్డ హమాలీల వంక చూశాడు. సేట్లందరి ముందు మొదటి హారతి సమయంలో ఇది మోగి ఉంటే తన గతేమయ్యేదో ఆయన లెక్క కట్టుకోవడం నాకు కనిపించింది. గుమ్మంలో నిలబడ్డ సారు దగ్గరికెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు యాడికి పోవద్దు. ఫికర్ జెయ్యకు. నీ కుర్సీ నీదే."

నేనైతే గంతులేసేదాన్ని. సారు "సరే" అని ఊరుకున్నారు. ముఖంలో ఏ వెలుగూ లేదు. ఆటోలో తిరిగి వస్తుంటే డ్రైవరు పాటలు పెట్టాడు, తీసేశాడు, మళ్ళీ పెట్టాడు. సుబేదారిలో దిగాక ఇక ఉండబట్టలేక "నా మీద కోపమొచ్చిందా సార్?" అని అడిగాను.

"కోపం గాదు బిడ్డా." పాత చెప్పులతో నేల మీద గీతలు గీశారు. "గిన్ని నెలలు తిప్పలవడి ఏం గాకుంట చేసిన. నువ్వు ఒక్క నిమిషంల అయ్యేటట్టు చేసినవ్."

"చెయ్యకపోతె మీ నౌకరి పోతుండె సార్."

"నాకెర్కనే. నువ్వు మంచికే చేసినవ్. ఓనర్‌కు గూడ ఇగ సమజైంది. అంత మంచిదే." తలెత్తారు. "గని బిడ్డా, మల్ల కొత్తది పెట్టినవా?"

సైరన్ ఆపాను. ఓనరుకు పాఠం చెప్పాను. అవ్వ చేతిలోంచి లడ్డూ తీసుకున్నాను. పాత సాఫ్ట్‌వేర్ మాత్రం అలాగే నడుస్తూ ఉంది. రేపు ఏ గుమస్తా ఏ రాహుకాలం తప్పించడానికి ఆ గడియారాన్ని ముట్టుకున్నా మళ్ళీ అదే మోత.

"పెట్టలే సార్."

ఆ రోజు మొదటిసారి సారు నవ్వారు. కడుపు పట్టుకుని, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేంతగా నవ్వారు. మేం దిగిన ఆటో ఇంకా ముందుకు కదల్లేదు. ఆయన వెళ్ళి అందులోనే మళ్ళీ ఎక్కి కూర్చుని నాకు పక్కన జాగా చూపించారు.

"నడువు బిడ్డా. పోయి మల్ల ఏం గాకుంట చేసొద్దాం."

సారు కుర్చీ సారుదేనని ఓనరు చెప్పినప్పుడు ఆయన ముఖంలో లేని సంతోషం అప్పుడుంది.